లైటు డ్యూటీ

"నీకు రాలేదంటే ఎవులు నమ్ముతారే? మాడు వాసన కింద కుళాయి కాడికొచ్చీసింది."

"నిజంగా రాలేదత్తా."

"అవేటి మల్లెపువ్వులా? ఎండునెత్తళ్ళు! మంచిగా ఏపితేనే వీధంతా ముక్కులెగరేత్తాది. అవి మాడి బొగ్గయిపోతే, పొయ్యికాడ కూకున్నదానికి తెలవలేదు!"

పొద్దున మాడిన ఎండుచేపల కూర మీద సాయంత్రం దాకా నడుస్తున్న గొడవ అది. ఆదిలక్ష్మమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. వాళ్ళ వైపు పల్లెల్లో ఆడవాళ్ళు కాల్చినట్టే ఆవిడ కూడా చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడడం కుదరదు కనక గొడవ ఆగుతుంది. బూడిద దులపడానికి బయటికి తీసినప్పుడల్లా ఆగిన చోటునుంచే మళ్ళీ మొదలవుతుంది.

కోడలు సీతాలు పెరట్లో సత్తు తపేలా ముందేసుకుని కొబ్బరిపీచుతో తోముతోంది. బూడిద అద్ది నాలుగు రుద్దులు రుద్దేసరికి భుజం నుంచి వేళ్ళ దాకా చెయ్యి తనది కాకుండా పోతోంది. అప్పుడు తపేలా పైకెత్తి, అడుగు ఎంత తెల్లబడిందో చూస్తున్నట్టు కాసేపు పట్టుకుంటోంది. అలా చూడడం కూడా తోమడంలో భాగమే కదా, ఎవరూ ఏమీ అనరు. వానాకాలంలో ఆ జ్వరం వచ్చి పోయిన దగ్గర్నుంచి సీతాలు ఇలాంటి ఉపాయాలు చాలానే నేర్చుకుంది. ఊడుస్తూ ఊడుస్తూ కొంగు సర్దుకోవడం. బియ్యం చెరుగుతూ రాయి కనబడినట్టు ఆగడం. బిందెతో మెట్లెక్కేటప్పుడు కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు నిలబడిపోవడం.

జ్వరం వారం తిరక్కుండానే పోయింది. పోతూ పోతూ ముక్కులోంచి వాసన పట్టుకుపోయింది, కాళ్ళలోంచి సత్తువ పట్టుకుపోయింది. దసరా వెళ్ళిపోయినా ఆ రెండూ తిరిగి రాలేదు. కాస్త బాగుందనుకుని ఒకరోజు గట్టిగా పనిచేస్తే, ఆ రోజుకేం కాదు. మర్నాడు లేవబోతే తల కింద దిండు కూడా బరువనిపిస్తుంది. ఈ సంగతి అత్తకి ఎలా చెప్పాలో ఆమెకు తెలియదు. నిన్న పనిచేసిన మనిషి ఇవాళ చెయ్యలేనంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆదిలక్ష్మమ్మ చుట్ట బయటికి తీసింది.

"నా కొడుకు బంగారం. ఆ మాడు కూరే తిన్నాడు, మాటన్లేదు. పైగా బాగుందన్నాడు. ఇంకోడైతే కంచం ఇసిరీసును."

అదీ నిజమే. పొద్దున వరహాలు ఆ కూరతోటే అన్నం తిని, కేరియర్లో కూడా అదే పెట్టించుకుని వెళ్ళాడు. సీతాలు మొహం మీదికి చూస్తూ "కూర బాగుందే" అన్నాడు. ఎగతాళి అనుకుంది ఆమె.

"ఆడికి రాలేదేటి ఇదే జొరం?" అంది ఆదిలక్ష్మమ్మ. "ఇద్దరికీ ఒక్కపాలే కదా పట్టుకుంది. ఆడు లెగిసినాడు, డ్యూటీకెల్లినాడు, ఎంటనే లైటు డ్యూటీ కొట్టీసినాడు. నీకేమో ఒల్లొంగట్లేదు."

ఈ లైటు డ్యూటీ మాట వచ్చిందంటే గొడవ ఇక ఒక చివరికి చేరినట్టే. వరహాలు రేవులో వించి డ్రైవరు. ఓడ మీద నిలబడి, కింద గోతిలాంటి గిడ్డంగిలోంచి సరుకు పైకి లాగే యంత్రం నడుపుతాడు. జ్వరం తగ్గి పనిలోకి వెళ్ళిన కొద్ది రోజులకి ఒక సాయంత్రం వచ్చి, "లైటు డ్యూటీ ఇచ్చినారమ్మా" అన్నాడు. ఆదిలక్ష్మమ్మ వెంటనే తలెత్తి, రేవుకి అడ్డంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్ నోస్ కొండ వైపు చూసింది. అప్పుడే అక్కడ లైట్‌హౌసు దీపం తిరగడం మొదలుపెట్టింది. "ఆ లైటా నాయినా?" అంది. వరహాలు నవ్వాడు. ఔననలేదు, కాదనలేదు.

ఆ రాత్రికే వీధి మొత్తానికి తెలిసిపోయింది. సాయంత్రం చీకటి పడే వేళకి ఆదిలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని దీపం కేసి వేలు చూపించేది. "అదిగో, మావోడిదే. ఓడలన్నీ ఆడి ఎలుగు సూసుకునే వత్తాయి." కొడుకు అయిదు దాటేసరికే ఇంటికి వచ్చేస్తుంటే రాత్రి దీపం ఎవరు తిప్పుతున్నారని ఎవరో అడిగారు. ఆవిడ తడుముకోలేదు. "పగలు తుడిసి, నూనోసి, అన్నీ సిద్ధం సేసి వత్తాడు. రేత్రి దానంతటదే తిరుగుతాది" అంది. లైట్‌హౌసు కాకపోయినా రేవులో దీపాలకి సంబంధించిన పనేదో అయ్యుంటుందని సీతాలు అనుకుంది. అడిగితే, "ఆ, అలాంటిదే" అన్నాడు వరహాలు.

తపేలా కడిగి బోర్లించేసరికి కూతురు కామేశ్వరి బడినుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి. పుస్తకాలు గూట్లో పెట్టి, అమ్మ చేతిలో పీచు తనే తీసుకోబోయింది.

"అదే సెప్తన్నాను" అంది ఆదిలక్ష్మమ్మ. "సోమారం నించి పిల్ల ఇంటికాడే ఉంటాది. నీల్లు తెత్తాది, వంట సూసుకుంటాది. నా మోకాల్లా మెట్లు దిగనియ్యవు. దీనికా సేత కాదు. ఎవులో ఒకలు సెయ్యాల కదా?"

"పరీక్షలున్నాయి మామ్మా."

"నాలుగు దినాలే. మీ అమ్మకి ఒల్లొంగినాక మల్లీ ఎల్దువు గాని."

ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో కాంట్రాక్టరు దగ్గర చేరిన మరిది శ్రీరామ్మూర్తి అప్పుడే దువ్వాడ వైపునుంచి వచ్చి చొక్కా విప్పుకుంటున్నాడు. అతను మధ్యలోకి వచ్చాడు.

"నీల్లే కదే అమ్మా, నాను తెచ్చీనా?"

"సంకన బిందెట్టుకుని మగోడు మెట్లెక్కుతాడా? వీధి వీధి నవ్వుతాది. నోరు మూసుకో."

శ్రీరామ్మూర్తి నోరు మూసుకున్నాడు. అతనికి కూడా ఆ దృశ్యం నవ్వులాటగానే తోచినట్టుంది. కామేశ్వరి గూట్లో పెట్టిన పుస్తకాలు మళ్ళీ తీసి, కూర్చుని, పురికొసతో కట్టడం మొదలుపెట్టింది. సోమవారం రావడానికి ఇంకా రోజులున్నాయి. అయినా ఇప్పుడే కట్టేస్తోంది. ముడి మీద ముడి వేస్తోంది. సీతాలు చూస్తూ నిలబడింది. నేను చేస్తానులే, నువ్వు బడికి వెళ్ళు అని ఒక్క మాట అనాలని ఉంది. కానీ ఆ మాట అన్న రోజున బిందె తన సంక మీదికే వస్తుంది. మోసిన మర్నాడు తను లేవలేకపోతుంది. అప్పుడు పిల్లని ఎవరూ ఆపక్కర్లేదు, అదే ఆగిపోతుంది.

*

మర్నాడు పొద్దున్నే కుళాయి వచ్చే వేళకి సీతాలు అందరికంటే ముందు బిందె తీసుకుని దిగింది. ఈ రోజు ఎలాగైనా అన్ని బిందెలూ తనే తెచ్చి, అత్త నోరు మూయించాలని రాత్రే అనుకుంది. కొండవాలున కట్టుకున్న ఇళ్ళు అవి. కింద రోడ్డు పక్కన కుళాయి, అక్కణ్ణించి వంకరటింకర రాతిమెట్లు. మెట్లు మలుపు తిరిగే చోట ఒక బల్లపరుపు రాయి ఉంది. కూరగాయలవాళ్ళూ చేపలవాళ్ళూ గంపలు దించుకుని ఊపిరి పీల్చుకునే చోటు అది.

మొదటి బిందెతో ఆ రాయి దాకా వచ్చింది. అక్కడ గుండె గొంతులోకి వచ్చినట్టయింది. చెవుల్లో ఓడ కూత లాంటి మోత. బిందె రాయి మీద దించింది. ఈసారి ముల్లు గుచ్చుకున్నట్టు నటించే ఓపిక కూడా లేకపోయింది. మెట్టు మీద చతికిలబడింది.

"ఓలమ్మోలమ్మ, ఆ మొకమేటే సీతాలూ, పిండీసిన గుడ్డలాగున్నాది?"

జాలరిపేట నుంచి వచ్చే చేపల జోగమ్మ. గంప దించి, తలమీది చుట్టగుడ్డ తీసి మొహం తుడుచుకుంటూ ఆవిడ కూడా పక్క మెట్టు మీద కూర్చుంది. అంతకు ముందు జోగమ్మ ఆ రాయి దగ్గర ఎప్పుడూ కూర్చునేది కాదు, గంప ఒక్కసారి దించి ఎత్తుకునేది. ఇవాళ ఆవిడకి కూడా ఆయాసంగానే ఉంది.

"ఏటీ లేదు జోగమ్మా. జొరం తగ్గిపోనాది గానీ…"

"గానీ ఒల్లు రాలేదు. నాకు తెల్దేటి?" అంది జోగమ్మ. "కానాగంతలున్నాయి, సూడు. కంట్లోంచి నీల్లు ఇంకా ఆర్లేదు."

సీతాలు ఒక చేప తీసి అలవాటు కొద్దీ మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. గాజుపెంకు వాసన చూసినట్టుంది. అయినా తెలిసినదానిలా తల ఊపి గంపలో పెట్టింది. జోగమ్మ ఆమెనే చూస్తోంది.

"నీకూ పోనాదా?"

"ఏటి?"

"వాసనే!"

సీతాలుకి ఒక్కసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళలో ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

"నా గంపే నాకు తెలవట్లేదే తల్లీ!" అంది జోగమ్మ. "బస్సెక్కితే కండక్టరు దిగు దిగంటాడు. నాకేటో మల్లెపూల గంప ఎత్తుకున్నట్టే ఉంటాది. సేప సెడినాదో బాగున్నాదో ఎలా తెలుత్తాది? పొద్దున్నే మా తోటికోడలు సేత వాసన సూపించి ఎత్తుకొత్తన్నాను. అదేమో తనకి ముక్కున్నాదని మారాణిలాగ కూకుంటన్నాది. 'ఇది పారీ, అది ఉంచు' అని ఏలెట్టి సూపిత్తాది!"

సీతాలు నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగేదాకా జోగమ్మ ఆమె వీపు రాస్తూ కూర్చుంది.

"మా పేటలో సగం మంది ఇలాగే ఉన్నారు. ఒకలికి ముక్కు, ఒకలికి కాల్లు, ఒకలికి తలంతా మంచు కమ్మినట్టుంటాది. మా అల్లుడ్నే సూడు. తాటిసెట్టులాటోడు. ఎత్తెక్కితే కల్లు తిరుగుతన్నాయి. అందుకే లైటు డూటీ ఇచ్చినారు."

"అతనికీ దీపాల పనేనా?" అంది సీతాలు.

జోగమ్మ గంప మీద తాటాకు కప్పుతున్నదల్లా ఆగింది.

"దీపాలేటే?"

"లైటు డ్యూటీ అన్నావు కదా."

"లైటంటే దీపం కాదే పిచ్చితల్లీ! తేలిక పని. బరువెత్తకూడదు, ఎత్తెక్కకూడదు, కూకుని సేసుకోవాల. జొరమొచ్చి లెగిసినోల్లకి డాక్టరు రాసిత్తాడు. మీ ఆయనా మా అల్లుడూ ఒక్క షెడ్డులోనే కదా. ఇద్దరూ స్టూల్లేసుకుని కూకుని, వచ్చినోడికి కొక్కేలూ తాల్లూ ఇచ్చి మల్లీ పుచ్చుకుంటారు. నీకు సెప్పలేదేటి?"

కింద కుళాయి దగ్గర బిందెలు గొడవపడుతున్నాయి. సీతాలు చీర కుచ్చెళ్ళు విదిలించుకుని లేచింది.

"సెప్పినాడు" అంది. "నానే మర్సిపోనాను."

జోగమ్మ నాలుగు చేపలు ఏరి ఆకులో పెట్టి, "ఇవి మా మారాణి వాసన సూసినవే, బయపడకు" అంది. పైదాకా బిందె ఒక వైపు సీతాలు, ఒక వైపు ఆవిడ పట్టుకున్నారు. రెండో బిందెకి సీతాలు వెళ్ళలేదు. మిగతా నీళ్ళు బడికి వెళ్ళే ముందు కామేశ్వరే తెచ్చింది. జడ వేసుకునే తీరిక లేక రిబ్బను చేతిలో, కట్టిన పుస్తకాలు సంకలో పట్టుకుని పరుగెత్తింది.

*

శనివారం పొద్దుటికి, సీతాలు అనుకున్నట్టే, ఒళ్ళు రాయిలా పడిపోయింది. అత్త మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవకుండా తనే పొయ్యి ముట్టించుకుని, వీధికి వినబడేలా పొగని తిట్టింది. సాయంత్రానికి కాస్త కూర్చోగలిగాక సీతాలు కిరసనాయిలు డబ్బా పట్టుకుని బయల్దేరింది. కొట్టు దాకా వెళ్ళాలని కాదు. వరహాలు వచ్చే వేళ అది.

మలుపుకి పైన, ఒక ఇంటి గోడ పక్కన నిలబడింది. అక్కడినుంచి రాయి కనబడుతుంది. రేవు వైపు ఆకాశమంతా ఎర్రధూళిగా ఉంది. రోడ్డు మీద సైకిలు కిళ్ళీకొట్టు ముందు ఆనించి వరహాలు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. చేతిలో ఖాళీ కేరియరు తప్ప ఏమీ లేదు. మొదట బాగానే ఎక్కాడు. తర్వాత అడుగుకీ అడుగుకీ మధ్య ఎడం పెరిగింది. రాయి దగ్గరికి వచ్చి ఆగాడు. ఒక కాలు రాయి మీద పెట్టాడు. జేబులోంచి బీడీ తీసి, వెలిగించకుండా వేళ్ళ మధ్య పట్టుకుని, సరదాగా చూస్తున్నవాడిలా సముద్రం వైపు తిరిగాడు. కింద నుంచి ఎవరో ఎక్కి వస్తుంటే, "ఏటి బావా, ఈయేడు తుపాను తప్పీలా లేదు" అని పలకరించాడు. ఆ మనిషి దాటిపోయాక రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి వంగిపోయాడు. చొక్కా వెనక వీపు పైకీ కిందకీ కదలడం పైనుంచి తెలుస్తోంది.

సీతాలుకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. బీడీ, సముద్రం, తుపాను మాట. ఆ ఉపాయాలన్నీ ఆమెకు తెలిసినవే. అద్దంలో చూసుకుంటున్నట్టు అనిపించింది. మెల్లగా దిగి వెళ్ళింది.

"ఏటి మావా, ముల్లు గుచ్చుకుందా?"

వరహాలు ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాడు. వెంటనే మళ్ళీ రాయి మీద కూర్చోవలసి వచ్చింది. ఆమె కూడా కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టి కూర్చుంది.

"మొన్న కూర బాగుందన్నావు."

"బాగానే ఉన్నాది."

"మాడి బొగ్గయిపోనాది."

వరహాలు బీడీని జేబులో పెట్టుకున్నాడు. "నాకేటీ తెలవట్లేదే" అన్నాడు. "అన్నం తింటంటే అన్నం, పప్పు తింటంటే అదీ అన్నమే. మీ మొకాలు సూసి బాగుందో లేదో సెప్తన్నాను. వించి ఎక్కి కిందకి సూసేసరికి గొయ్యి తిరుగుతాది. కింద మనుసులుంటారు కదా. నా సెయ్యి తప్పితే ఆల్ల నెత్తి మీదడతాది సరుకు. బయమేసి నానే డాక్టరు కాడికెల్లినాను."

"ఏటన్నాడు?"

"జొరం పోనా కొంతమందికి ఒల్లు ఎంటనే రాదంట. నెలలు పడతాదంట. గట్టిగా తోసుకుని సేత్తే వెనక్కెల్లిపోతామంట. కొంచెం కొంచెంగా సేసుకోమన్నాడు." ఊపిరి తీసుకున్నాడు. "ఇంట్లో ఇంకెవలికైనా ఇలాగున్నాదా అనడిగినాడు."

సీతాలు అతని మొహం కేసి చూసింది. వరహాలు కేరియరు మూత తిప్పుతున్నాడు. అది బిగించే ఉంది.

"నువ్వేటన్నావు?"

"లేదన్నాను."

రేవులో ఒక ఓడ కూసింది. ఆ కూత కొండకి తగిలి తిరిగి వచ్చింది.

"నాను లేనా మావా?"

"అలాక్కాదే. నువ్వు… ఇంట్లోనే ఉంటావు కదా అనుకున్నాను."

అతను కావాలని దెబ్బ కొట్టడానికి అన్న మాట కాదు అది. కుదురుగా, అమాయకంగా, నిజమే చెప్పాడు. సీతాలు కిందికి చూసింది. కింద కుళాయి గట్టు మీద ఎవరిదో బిందె వరసలో పెట్టి ఉంది. పొద్దున్న నీళ్ళ కోసం ఇప్పట్నుంచే చోటు పట్టుకున్నారు. ఆ బిందె, ఈ మెట్లు, పైన పొయ్యి, తపేలా, చాట. ఇదంతా కలిపి ఇంట్లోనే ఉండడం.

"అత్తకి సెప్పు" అంది చివరికి.

"సెప్పలేనే. ఆవిడ లైట్‌హౌసని ఊరంతా సెప్పీసింది. ఇప్పుడు వించి మీంచి దించీసి స్టూలు మీద కూకోబెట్టినారంటే, ఆవిడ మొకం ఎక్కడెట్టుకుంటాది? నా మొకం ఎక్కడెట్టుకోవాల?"

"నాకు ఒల్లొంగట్లేదని కూడా ఊరంతా సెప్పింది. నా మొకం ఎక్కడెట్టుకున్నానో సూసినావా?"

వరహాలు తల వంచుకున్నాడు.

"పిల్ల ఇయాల బడినించి వచ్చి పుస్తకాల కట్టు అటకెక్కించీసింది" అంది సీతాలు.

"నాలుగు దినాలే కదే."

"మా అమ్మ కూడా నన్ను నాలుగు దినాలే అని మాన్పించింది మావా."

డబ్బా తీసుకుని ఆమె ముందు లేచింది. లేచి, అతను లేచేదాకా నిలబడింది. మిగిలిన మెట్లు ఇద్దరూ పక్కపక్కనే, ఆగి ఆగి ఎక్కారు. దారిలో ఎదురైనవాళ్ళకి వరహాలు తుపాను గురించి చెప్పలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. వారంలో అందరి కంచాలూ ఒక్క వరసలో పడేది ఆ ఒక్క పూటే. సీతాలు చేపల పులుసు దింపే ముందు కామేశ్వరిని పిలిచింది.

"వాసన సూడమ్మా. మాడుతన్నాదా?"

కామేశ్వరి వంగి చూసి, "బాగుందమ్మా. కొత్తిమీర వెయ్యొచ్చు" అంది. జోగమ్మ తోటికోడలు గుర్తొచ్చి సీతాలు తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వుకి పిల్ల వింతగా చూసింది. ఈ మధ్య అమ్మ నవ్వడం దానికి అలవాటు తప్పింది.

వడ్డించడం అయ్యాక సీతాలు నిలబడి ఉండకుండా, తన కంచం కూడా తెచ్చుకుని వరస చివర కూర్చుంది. ఆదిలక్ష్మమ్మ ఒకసారి చూసింది గానీ పులుసు బాగుండడంతో ఆ మాట వదిలేసింది.

"రేపు కుళాయి ఏలకి లెగాల పిల్లా" అంది మనవరాలితో. "పెద్ద బిందె నువ్వెత్తలేవు. సిన్నది రెండేసిపాలు తే."

"అది తేదు అత్తా" అంది సీతాలు. గొంతు పెద్దది చెయ్యలేదు. ఉప్పు అందుకోమన్నట్టే అంది. "అది రేపు బడికెల్తాది."

"మరి నీల్లో?"

"నాను కూడా తేను."

కంచాల మీద చేతులు ఆగాయి. ఆదిలక్ష్మమ్మకి కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది.

"సూసినారేటిరా? కాలు మీద కాలేసుకుని కూకుంటాదంట! ఓలె, అదే జొరమొచ్చిన మొగుడు పక్కనే కూకున్నాడు, ఆడ్ని సూసైనా సిగ్గు పడవేటే? ఆడు కొండెక్కి లైటు డ్యూటీ సేసుకొత్తన్నాడు…"

సీతాలు భర్త వైపు చూడలేదు. చూస్తే అతను తన కోసం చెప్పినట్టవుతుంది. కంచంలో చేప ముల్లు ఒకటి తీసి అంచున పెట్టింది. ఇంకొకటి తీసి దాని పక్కనే పెట్టింది.

వరహాలు కలిపిన ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

"అమ్మా, లైటంటే దీపం కాదే."

"మరేటి?"

"తేలిక. తేలిక పని. నన్ను వించి మీంచి దించీసినారు. ఎత్తెక్కితే కల్లు తిరుగుతన్నాయి. మెట్లెక్కలేకపోతన్నాను. షెడ్డులో స్టూలేసి కూకోబెట్టినారు. తాల్లిత్తన్నాను, పుచ్చుకుంటన్నాను." సీతాలు కేసి చూపించాడు. "దానికేటున్నాదో నాకూ అదే ఉన్నాది. ఈ పులుసు బాగుందో లేదో కూడా నాకు తెలవదు."

శ్రీరామ్మూర్తి అన్నని నోరు తెరుచుకుని చూశాడు. ఆదిలక్ష్మమ్మ తలుపులోంచి బయటికి చూసింది. పట్టపగలు, ఎండలో డాల్ఫిన్ నోస్ కొండ మీద ఆ తెల్లటి గుంజ మామూలుగా నిలబడి ఉంది.

"మరి వీధందరికీ సెప్పీసినాను కదరా" అంది. ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ అన్నం కెలికింది. కొడుకు మొహం చూసింది, బుగ్గలు లోపలికి పోయిన మొహం. ఎన్నాళ్ళనుంచి అలా ఉందో ఆవిడకి అప్పుడే కనబడినట్టుంది. అక్కణ్ణించి ఆ చూపు వరస చివరికి, కోడలి దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగి, నిలవలేక మళ్ళీ కంచంలోకి దిగింది.

"నాకు సెప్పొద్దేటే?" అంది నెమ్మదిగా.

"సెప్పినానత్తా" అంది సీతాలు. "నిజంగా రాలేదని సెప్పినాను."

ఆదిలక్ష్మమ్మ ఏమీ అనలేదు. చుట్ట నోట్లో లేకుండా ఆవిడ ఊరుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. కాసేపటికి, కొంచెం మొండిగానే, "నీరు లేకండా ఇల్లెలా గడుత్తాదే మరి? మూర్తిగాడు బిందెట్టుకుంటే…" అని సగంలో ఆపేసింది.

"బిందొద్దత్తా. మావయ్య కావిడి అటక మీదున్నాది కదా. ఊర్లో చెరువునించి ఆయన కావిడితోటే నీల్లు మోసీవోడని నువ్వే సెప్తావు. కావిడెత్తుకుంటే ఎవులూ నవ్వరు."

ఆ మాటకి ఆదిలక్ష్మమ్మ మొహంలో ఏదో కదిలింది. కాదనడానికి వీల్లేని మాట. మొగుడు మోసిన కావిడిని చూసి వీధి నవ్వుతుందని ఆవిడ ఎలా అంటుంది?

"దానికి కొత్త తాల్లు కావాల" అంది చివరికి.

"తాల్లు నాను తెత్తాను" అన్నాడు వరహాలు. "తాల్ల షెడ్డే కదా నాది" అని నవ్వబోయాడు. తల్లి మొహం చూసి ఆగిపోయి, "కొట్లో కొని తెత్తాను" అన్నాడు.

సీతాలు కంచం ముందునుంచి లేవకుండానే, అందరికీ వినబడేలా, ఒక్కొక్క మాట చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగింది. ఈసారి ఆగినందుకు కొంగు సర్దుకోలేదు, రాయి ఏరినట్టు నటించలేదు.

"రేపట్నించి నాకూ లైటు డ్యూటీ. కూకుని సేసే పనులు సేత్తాను. కూర తరుగుతాను, బియ్యం సెరుగుతాను, వంట సేత్తాను. పొయ్యికాడ ముక్కు మాత్రం నీదే అత్తా, గుమ్మంలోంచే సెప్పు. తపేలాలు మావ తోముతాడు, అదీ కూకుని సేసే పనే. ఒల్లొచ్చేదాకా ఇంతే." ఊపిరి తీసుకుని మరిది వైపు తిరిగింది. "మూర్తీ, సెయ్యి కడుక్కున్నాక అటకెక్కి కావిడి దించు. దాని పక్కనే పిల్ల పుస్తకాల కట్టున్నాది. అదీ దించు."